అద్దె ఇల్లు, పదివేల బడ్జెట్, మేకు కొట్టొద్దన్న ఓనరు: హాలుకి కాస్త కళ తెప్పించేదెలా?

కొత్తకాపురం

అందరికీ నమస్తే. మేం ఈమధ్యే హైదరాబాద్ మోతీనగర్‌లో ఒక పాత బిల్డింగ్‌లో రెండు బెడ్‌రూముల పోర్షన్‌లోకి దిగాం. గాలి బాగా వస్తుంది, నీళ్లకి ఇబ్బంది లేదు, అద్దె మాకు అందుబాటులో ఉంది. ఇల్లు చూస్తేనే దిగులు. గోడలకి పిస్తా రంగు, అదీ అక్కడక్కడా వెలిసిపోయింది. కింద నల్ల చుక్కల మొజాయిక్. హాలంతటికీ ఒకటే ట్యూబ్‌లైట్. వంటింట్లో కడప బండలతో కట్టిన అరలున్నాయి, తలుపుల్లేవు. పప్పుల డబ్బాల నుంచి పాత న్యూస్‌పేపర్ల దాకా అన్నీ హాల్లో కూర్చున్నవాళ్లకి దర్శనమిస్తాయి.

ఓనర్ అంకుల్ మంచివారే గానీ అగ్రిమెంట్ రాసుకున్న రోజే చెప్పేశారు, "అమ్మా, గోడకి ఒక్క మేకు కూడా పడకూడదు" అని. అగ్రిమెంట్ 11 నెలలు. రెన్యువల్ చేస్తానంటున్నారు.

మా బడ్జెట్ పదివేలు. మరీ అయితే ఇంకో రెండువేలు. వీడియోల్లో అందరూ స్టిక్కర్ వాల్‌పేపర్ అతికించేసి ఒక్క పూటలో ఇల్లు మార్చేస్తున్నారు. మేమూ అదే చేద్దామా? మా ఆయన "ఎందుకు దండగ" అంటున్నారు. మీరేమంటారు?

గోడమీదపిల్లి

వాల్‌పేపర్ సంగతి తర్వాత. ముందు మీ గోడకి ఉన్నది సున్నమా, డిస్టెంపరా, ఎమల్షనా తెలుసుకోండి. తలుపు వెనకాల ఎవరికీ కనబడని చోట తడిగుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకి పొడిపొడిగా రంగు అంటితే సున్నమో డిస్టెంపరో. ఏమీ అంటకుండా తడి జారిపోతే ఎమల్షన్.

కొత్తకాపురం

రుద్దానండి. గుడ్డ మొత్తం పచ్చగా అయిపోయింది. గోడ మీద రుద్దిన చోట మచ్చ కూడా పడింది, అంకుల్‌కి కనబడకుండా తలుపు తీసే ఉంచాలి ఇక 😅

గోడమీదపిల్లి

అయితే డిస్టెంపర్. దాని మీద ఏ జిగురు పెట్టినా అది గోడని పట్టుకోదు, పైనున్న పొడిని పట్టుకుంటుంది. సగం స్టిక్కర్లు రెండో రోజుకే వేలాడతాయి. పొరపాటున గట్టిగా అతుక్కుందా, ఇంకా ప్రమాదం. ఖాళీ చేసేటప్పుడు పీకితే రంగుతో పాటు లప్పం కూడా పెచ్చులుగా వచ్చేస్తుంది. వాల్‌పేపరైనా, డబుల్ టేపైనా, స్టిక్కర్ హుక్కులైనా ఇంతే. కాబట్టి గోడలు మీవి కావనుకోండి. టైల్స్, తలుపు చెక్క, బీరువా పక్కలు, ఫ్రిజ్, కిటికీ ఊచలు, అటక అంచు, వీటి మీద ఎంతైనా చేయొచ్చు.

మధురవాడ_గాలి

+1. మాది వైజాగ్. పక్క పోర్షన్ వాళ్లు ఇటుకల డిజైన్ ఉన్న ఫోమ్ షీట్లు గోడంతా అతికించారు. కొత్తలో భలే ఉంది, మేమూ వెళ్లి ఫొటోలు దిగాం. వానాకాలం వెళ్లాక ఒక షీటు మూల లేస్తే వెనకాలంతా నల్లగా బూజు. గోడలో చెమ్మ ఉంటే బయటికి పోవడానికి దారుండాలి కదా, దాన్ని మూసేశారు. బయటి గోడకి, బాత్రూమ్‌ని ఆనుకున్న గోడకి అసలే వద్దు.

ఇంకోటి, సముద్రం దగ్గరుండేవాళ్లు ఇనుప స్టాండ్లు కొనకండి. ఎంత బ్లాక్ పెయింట్ వేసినా తుప్పు పడుతుంది, ఆ తుప్పు నేల మీద గుండ్రంగా అచ్చు వేస్తుంది. దానికీ ఓనర్ డబ్బులు పట్టుకున్నారు మా ఫ్రెండ్‌కి.

కూకట్‌పల్లి_బ్రో

నా పాయింట్ వేరే. 11 నెలల ఇంటికి పదివేలు ఎందుకు? ఆ డబ్బులు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోండి. ఇల్లు శుభ్రంగా ఉంటే చాలు. సొంతిల్లు కొన్నాక చేసుకోవచ్చు ఇవన్నీ.

టూలెట్_బోర్డు

బ్రో, సొంతిల్లు ఎప్పుడు కొంటామో దేవుడికెరుక. అప్పటిదాకా బతికేది ఈ గోడల మధ్యే. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి అద్దె ఇళ్లలోనే ఉన్నాను, నాకు పనికొచ్చిన సూత్రం ఒకటే: ఖాళీ చేసే రోజు డీసీఎం వ్యానులోకి ఎక్కేదాని మీదే డబ్బు పెట్టు. గోడకి అతికించింది ఓనర్‌ది. ఊడదీసి పట్టుకెళ్లగలిగింది నీది. అలా కొన్న లైట్లు, దర్రీలు (నూలు జంపఖానాలు), కర్టెన్లు నాతో ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నాయి. దండగ ఎక్కడుంది ఇందులో?

@కొత్తకాపురం గారూ, మొదటి ఖర్చు లైట్లకి పెట్టండి. మీ హాలు బాలేదని మీకనిపించడానికి సగం కారణం ఆ ట్యూబ్‌లైట్. మన ఇళ్లలో మామూలుగా ఉండేవి 6500 కె (కెల్విన్, వెలుతురు రంగుకి కొలత) తెల్ల లైట్లు. ఆ నీలం తెలుపు పిస్తా గోడ మీద పడితే హాస్పిటల్ వార్డులా ఉంటుంది. బల్బు డబ్బా మీద వార్మ్ వైట్ అని, 2700 కె లేదా 3000 కె అని రాసి ఉంటుంది, అది తీసుకోండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు నూటయాభై లోపే దొరుకుతుంది. ట్యూబ్‌లైట్ పీకేయకండి, కూరగాయలు తరగడానికి, సూదిలో దారం ఎక్కించడానికి అదే కావాలి. సాయంత్రం ఆరు తర్వాత మాత్రం అది ఆపేసి, మూలన ఒక స్టాండ్ ల్యాంపు, టీవీ పక్కన ఒక చిన్న టేబుల్ ల్యాంపు వేయండి. వెలుతురు పైనుంచి కాకుండా పక్కల నుంచి రావాలి. గోడ మీద వెలిసిన మచ్చలు సగం కనబడవు.

ఒక చిన్న తిరకాసు. మన ఇళ్లలో హోల్డర్లు పిన్నులవి, అంటే బీ22. ఆన్‌లైన్లో కొనే ల్యాంపులు చాలావరకు మర తిప్పేవి, ఈ27. బల్బు కొనే ముందు ల్యాంపు ఏదో చూసుకోండి. తేడా వస్తే ఎలక్ట్రికల్ షాపులో కన్వర్టర్ దొరుకుతుంది, యాభై అరవై ఉంటుంది.

డల్లాస్_దోసె

లైట్ల మాట నిజం. ఇక్కడ అమెరికాలో చాలా అపార్ట్‌మెంట్లలో హాల్లో, బెడ్‌రూముల్లో సీలింగ్ లైటే ఉండదు. స్విచ్ వేస్తే గోడకున్న ఒక ప్లగ్‌కి కరెంటు వస్తుంది, దానికి మనమే ల్యాంపు పెట్టుకోవాలి. వచ్చిన కొత్తలో "ఇదేం చీకటి కొంప" అని తిట్టుకున్నాం. ఇప్పుడు ఇండియా వచ్చి అమ్మావాళ్లింట్లో ట్యూబ్‌లైట్ కింద కూర్చుంటే కళ్లు చికిలిస్తున్నా.

మా లీజులో చిన్న మేకులకి ఫర్వాలేదు, రంగు మారిస్తే మాత్రం మళ్లీ పాత రంగు వేసి ఇవ్వాలి. ఓనర్ వస్తువు ఏది విప్పినా, అంటే షవర్ హెడ్, అల్మారా పిడి లాంటివి, మరలతో సహా ఒక జిప్ కవర్లో వేసి అటక మీద పెట్టడం ఇక్కడ నేర్చుకున్నా. అది ఎక్కడైనా పనికొస్తుంది.

నేతచీర

అమ్మాయ్ కొత్తకాపురం, కర్టెన్ల గురించి ఎవరూ ఎత్తలేదేంటి? నన్నడిగితే లైటు తర్వాత గుడ్డే. రెడీమేడ్ కర్టెన్ల జోలికి పోకు, ఆ మెరిసే పాలిస్టర్ చూస్తే ఫంక్షన్ హాలు గుర్తొస్తుంది. మీ అమ్మగారి బీరువాలోనో అత్తగారి బీరువాలోనో కట్టని కాటన్ చీరలు ఉండే ఉంటాయి. మంగళగిరి, వెంకటగిరి, గద్వాల కాటన్, ఏదైనా సరే.

లెక్క చెప్తా చూడు. జాకెట్ ముక్క పోను చీర అయిదున్నర మీటర్లు. సరిగ్గా మధ్యకి కోస్తే ఒక్కో ముక్క 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు. మామూలు తలుపు ఏడడుగులు. పైన రాడ్ దూర్చడానికి ఒక మడత, కింద బరువుగా జారడానికి నాలుగంగుళాల మడత పెట్టినా ఇంకా గుడ్డ మిగులుతుంది. చీర పన్నా 45, 46 అంగుళాలు. కుచ్చిళ్లు నిండుగా పడాలంటే కిటికీ వెడల్పుకి రెండింతలు గుడ్డ కావాలి. నాలుగడుగుల కిటికీకి రెండు ముక్కలూ వేస్తే దాదాపు సరిపోతుంది. అంటే కిటికీకి ఒక చీర. చీర అంచు కర్టెన్‌కి నిలువు అంచుగా వస్తుంది, వేరే బోర్డరేం కుట్టక్కర్లేదు. మీ వీధిలో టైలర్‌కి ఇస్తే ముక్కకి వందో నూటయాభయ్యో తీసుకుంటాడు.

పడమటి కిటికీకైతే వెనకాల తెల్ల పాప్లిన్ లైనింగ్ వేయించు. లేకపోతే ఒక ఎండాకాలంలో రంగు తినేస్తుంది.

పట్టుచీరలు కోయకు. అత్తగారివైతే అడక్కుండా అసలు కోయకు.

కొత్తకాపురం

నేతచీర గారూ, చివరి లైనుకి దండం 🙏 అమ్మ దగ్గర నీలం మంగళగిరి చీరలు రెండున్నాయి, ఫోన్ చేస్తే "ఎందుకే, పనిమనిషికిద్దామనుకుంటున్నా" అంది. అడిగేశా. కానీ మేకు కొట్టకుండా రాడ్ ఎలా?

నేతచీర

టెన్షన్ రాడ్ అని అడుగు. లోపల స్ప్రింగ్ ఉంటుంది, కిటికీ గూడులో రెండు పక్కల మధ్యా బిగిస్తే నిలబడుతుంది. కాటన్ చీర బరువు మోస్తుంది, మందపాటి కర్టెన్ మోయదు. డిస్టెంపర్ గోడకి ఆనితే దాని రబ్బరు గుండ్రటి మచ్చ పడుతుంది, మధ్యలో అట్టముక్క పెట్టు. చెక్క ఫ్రేముకే ఆనించగలిగితే ఇంకా మంచిది. వంటింటి అరలకీ ఇదే రాడ్, ఇదే చీర. కానీ స్టవ్ పక్కనున్న అరకి గుడ్డ కట్టకు. ఆ ఒక్క అరలో ఒకే రకం డబ్బాలు పెట్టి వదిలేయ్.

కూకట్‌పల్లి_బ్రో

టెన్షన్ రాడ్ అట... పేరే టెన్షన్ పెడుతోంది. మా రూమ్‌లో మూడుసార్లు నెత్తిన పడింది.

నేతచీర

బిగించడం రాక పడి ఉంటుంది నాయనా. గోడల మధ్య కొలత కంటే ఒక అంగుళం పొడుగ్గా తిప్పి, స్ప్రింగ్ నొక్కి దూర్చాలి. దూర్చాక తిప్పితే బిగియదు.

ఓనరమ్మ

నేను అవతలి పక్షం. విజయవాడలో మాకు మూడు వాటాలున్నాయి, అద్దెలతోనే మా ఇల్లు గడుస్తుంది. అందుకని ఓనర్ల తరఫున రెండు ముక్కలు.

మేకు వద్దనేది మీ మీద కోపంతో కాదమ్మా. సుత్తితో కొడితే ప్లాస్టరింగ్ పగిలి పెచ్చు రాలుతుంది. ఒకరు క్యాలెండర్‌కి కొడతారు, తర్వాత వచ్చినవాళ్లు దానికి రెండంగుళాలు పక్కన కొడతారు. అయిదేళ్లకి గోడ జల్లెడ. డ్రిల్లింగ్ మిషన్‌తో చిన్న చిల్లు చేసి ప్లగ్ పెట్టి స్క్రూ బిగిస్తే నాకైతే అభ్యంతరం లేదు. మీ ఓనరుగారిని "మేకు కొట్టొచ్చా" అని అడగకండి. "అంకుల్, హాల్లో రెండు చోట్ల మీరు చూపించిన చోటే డ్రిల్ చేయించి స్క్రూ పెట్టిస్తాం, ఖాళీ చేసేటప్పుడు అలాగే వదిలేస్తాం" అనండి. చాలామంది ఒప్పుకుంటారు.

నిజానికి మాకు మేకుల కంటే బాధ పెట్టేవి వేరే ఉన్నాయి. మంచం పక్క గోడకి తలనూనె జిడ్డు, స్టవ్ వెనకాల పోపు మరకలు, మొజాయిక్ మీద యాసిడ్. మొజాయిక్‌లో ఉండేది పాలరాతి ముక్కలు, సిమెంటు. యాసిడ్ పోస్తే రెండింటినీ తినేస్తుంది, మెరుపు పోయి గరుకుగా అవుతుంది. మళ్లీ పాలిష్ పట్టించాలంటే వేలల్లో మాట. గోరువెచ్చటి నీళ్లలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి తుడిస్తే చాలు.

టూలెట్_బోర్డు

ఓనరమ్మ గారూ, మీలాంటివారు మాకెందుకు దొరకరండీ 😭 సరే, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. హైదరాబాద్‌లో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లోంచి ఒక నెల అద్దె కట్ చేసుకోవడం మామూలైపోయింది. గోడ మచ్చ లేకుండా ఉన్నా కట్టే. మరి వెళ్లేటప్పుడు ఎలాగూ డబ్బు తీసుకునేవాళ్లు, వచ్చినప్పుడే మాకు నచ్చిన రంగు వేయొచ్చుగా?

ఓనరమ్మ

అడిగితే వేస్తాంగా. అడిగేవాళ్లేరీ? దిగిన వారానికి మొహమాటపడి, వెళ్లేరోజు గొడవ పెట్టుకుంటారు. నా వాటాలో ఒకమ్మాయి అలాగే అడిగింది. రంగు డబ్బా తను కొనుక్కుంది, కూలీ నేనిచ్చాను, వెళ్లేటప్పుడు పెయింటింగ్ కింద ఏమీ పట్టుకోను అని మాటిచ్చాను. లేత రంగులకే ఒప్పుకుంటానని ముందే చెప్పాను. ముదురు ఎరుపు, ముదురు నీలం వేస్తే మళ్లీ కప్పడానికి మూడు కోటింగులు పడతాయి.

కొత్తకాపురం గారికి ఒక జాగ్రత్త. పొడి రాలే డిస్టెంపర్ మీద నేరుగా ఎమల్షన్ వేయించకండి, పొరలుగా లేస్తుంది. గీకి, ప్రైమర్ కొట్టి వేయాలి, ఖర్చు పెరుగుతుంది. ఒకటి రెండేళ్లకైతే మళ్లీ డిస్టెంపరే చాలు.

గోడమీదపిల్లి

మాటిచ్చారంటే సరిపోదు, వాట్సాప్‌లో రాయించుకోండి. "అంకుల్, మీరన్నట్టు హాలుకి క్రీమ్ కలర్ వేయిస్తున్నాం, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి కటింగ్ ఉండదు కదా" అని పంపండి, ఆయన "ఓకే" అంటే చాలు. ఇప్పుడున్న గోడల ఫొటోలు, వెలిసిన చోట్లతో సహా, ఈరోజే తీసి ఆయనకి పంపండి. తేదీ అందులోనే ఉంటుంది. 11 నెలల అగ్రిమెంట్ అంటే భయపడకండి. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవచ్చనే అందరూ పదకొండు రాస్తుంటారు. 12వ నెలలో వెళ్లగొట్టాలని కాదు.

సండేమార్కెట్_సత్తి

మోతీనగర్ అన్నారు కదా, ఎర్రగడ్డ మీకు పక్కనే. ఆదివారం పొద్దున్నే సంతకి వెళ్లండి. టీపాయిలు, పాత చెక్క కుర్చీలు, స్టూళ్లు, ల్యాంపు స్టాండ్లు, ఏది దొరుకుతుందో చెప్పలేం, అదే మజా. కొత్త టీపాయి పెట్టే డబ్బులో మూడోవంతుకి గట్టి చెక్కది దొరకొచ్చు. చెప్పిన రేటులో సగం నుంచి మొదలుపెట్టండి, మొహమాటపడితే పని కాదు.

కొనేముందు మాత్రం ఒక పని చేయండి. దాన్ని తిరగేయండి. కాళ్ల అడుగున, అతుకుల దగ్గర గుండుసూది మొనంత చిల్లులు ఉన్నాయేమో చూడండి. ఉంటే కింద న్యూస్‌పేపర్ పరిచి కాలు మీద పిడికిలితో నాలుగు దెబ్బలు వేయండి. మెత్తగా పసుపుపచ్చ పొడి రాలిందా, లోపల పురుగు బతికే ఉంది. ఎంత చవకైనా వదిలేయండి, అది మీ ఓనర్ తలుపుల్ని కూడా పడుతుంది. పొడి లేకపోతే ఇంటికి తెచ్చి ఎండలో పెట్టి, సాండ్ పేపర్ కొట్టి, ఒక చేయి వార్నిష్ వేయండి. పావులీటరు డబ్బా చాలు.

కూకట్‌పల్లి_బ్రో

సత్తి అన్నా, ఆ సంతలో పొద్దున్నే అంటే ఎన్నింటికి?

సండేమార్కెట్_సత్తి

పదకొండు దాటితే జనాన్ని తోసుకోవడమే సరిపోతుంది. ఎనిమిదికల్లా ఉండు. ఏంటి, దండగన్నావుగా?

కూకట్‌పల్లి_బ్రో

కుర్చీ కోసం. ఊరికే కనుక్కుంటున్నా.

మధురవాడ_గాలి

టైల్స్ మీద హుక్కుల గురించి ఒక మాట. వంటింట్లో, బాత్రూమ్‌లో అవి బాగా పనిచేస్తాయి, అంటించే పద్ధతి తెలియాలి. ముందు సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. జిడ్డు ఏమాత్రం ఉన్నా పట్టదు. అంటించి అరచేత్తో బాగా నొక్కి, ఆ రాత్రంతా ఏమీ తగిలించకూడదు. ప్యాకెట్ మీద రెండు కిలోలని ఉంటే కిలో లెక్కేసుకోండి.

తీసేది ఇంకా ముఖ్యం. కింద నాలుక లాంటి పట్టీ ఉన్న రకమైతే దాన్ని మీ వైపు లాగకూడదు. గోడకి ఆనించి నిదానంగా కిందికి లాగుతూ ఉంటే రబ్బరులా సాగి సాగి హుక్కు దానంతటదే ఊడొస్తుంది. పట్టీ లేని పారదర్శకం రకానికి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చూపించి, వెనకాల గట్టి దారం దూర్చి రంపంలా లాగండి.

నేతచీర

నేల సంగతి చెప్పడం మర్చిపోయాను. మొజాయిక్ మీద వినైల్ షీటు పరిచి దాచేయకు, అదే చుక్కల గచ్చుని ఇప్పుడు టెర్రాజో అని కేఫుల్లో డబ్బు పోసి వేయించుకుంటున్నారు. ఒక వరంగల్ దర్రీ తీసుకో. వరంగల్ దర్రీలకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. గట్టి నూలు, రెండు వైపులా వాడొచ్చు, ఉతకొచ్చు. తెలంగాణ చేనేత సహకార సంఘం షోరూముల్లో రిబేటు ఉన్నప్పుడు చూడు. నల్ల చుక్కల నేల కాబట్టి చిన్న చిన్న పువ్వుల డిజైన్లు వద్దు, చుక్కల మీద చుక్కలైపోతాయి. వెడల్పు చారలు తీసుకో. కింద జారకుండా రబ్బరు జాలీ వేయి, మొజాయిక్ నున్నగా ఉంటుంది, పెద్దవాళ్లు వస్తే జారతారు.

దిండు గలీబులకి పెడన కలంకారీ గుడ్డ. అది అచ్చులతో వేసేది కాబట్టి మీటర్ల లెక్కన చవకగా వస్తుంది. శ్రీకాళహస్తిది కలంతో చేత్తో గీస్తారు, దాని ధర వేరే, దాన్ని దిండుకి కుట్టి తల పెట్టి పడుకోకూడదు. మొదటి ఉతుకు విడిగా చల్లనీళ్లలో. రంగు కాస్త వదులుతుంది.

డల్లాస్_దోసె

నేను ప్రతిసారీ ఇండియా నుంచి ఏటికొప్పాక బొమ్మలు తెచ్చుకుంటా. అంకుడు కర్ర, లక్క రంగులు, బరువుండవు, సూట్‌కేసులో పగలవు. కొత్తకాపురం గారూ, లేపాక్షి హస్తకళల షోరూముల్లో దొరుకుతాయి. కొండపల్లివీ బాగుంటాయి, కానీ ఆ పొణికి చెక్క చాలా తేలిక, వేళ్లు ముక్కులు తొందరగా విరుగుతాయి, పిల్లలుంటే పై అరలో పెట్టండి.

టూలెట్_బోర్డు

బొమ్మలు బాగుంటాయి, కాదనను. కానీ పదివేల బడ్జెట్‌లో చిన్న చిన్నవి పది కొంటే డబ్బు ఎటుపోయిందో తెలియదు, దుమ్ము తుడవడమే ఒక ఉద్యోగమవుతుంది. ఒక్కటి పెద్దది పెట్టండి. రెండు మీటర్ల కలంకారీ గుడ్డకి పైనా కిందా సన్నటి చెక్కపట్టీ దూర్చి అటక అంచు నుంచి వేలాడదీస్తే గోడ నిండుతుంది. అటక బండ అంచుకి బిగించే చిన్న క్లాంపులు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి.

మొక్కలకి డబ్బు పెట్టకండి. ఎవరింట్లోనో మనీప్లాంట్ ఉంటుంది, కణుపు కింద కోసి నాలుగు తీగలు అడిగి తెచ్చుకుని పాత గాజు సీసాల్లో నీళ్లు పోసి పెట్టండి. వారానికోసారి నీళ్లు మార్చాలి, లేదంటే దోమలకి ఇల్లు కట్టించినట్టే.

మధురవాడ_గాలి

అద్దం మర్చిపోయారు. కిటికీకి ఎదురుగా ఒక నిలువు అద్దం గోడకి ఆనించి పెడితే పగటిపూట హాలు రెట్టింపు వెలుగు.

కొత్తకాపురం

అద్దం అనగానే అత్తయ్యగారు వాస్తు అన్నారు. ఉత్తరం, తూర్పు గోడలకైతే ఫర్వాలేదట. మా కిటికీ పడమర, అంటే ఎదురుగా తూర్పు గోడ. కేసు గెలిచా.

కొత్తకాపురం

అప్‌డేట్ ఇస్తున్నా.

ఓనరమ్మ గారు చెప్పిన మాటలు చెప్పినట్టే అంకుల్ దగ్గర అన్నాను. కాసేపు గోడ వైపు చూసి, "రెండు స్క్రూలంటే రెండే. మిషన్ పట్టుకుని మా వాడిని పంపిస్తా, బయటివాళ్లు వద్దు" అన్నారు. రంగు గురించి అడిగితే ఇల్లంతా కుదరదు గానీ హాలుకి వేయించుకోండి అన్నారు. డిస్టెంపర్ డబ్బా మాది, కూలీ ఆయనది, క్రీమ్ రంగు. పెయింటింగ్ కటింగ్ మాత్రం పూర్తిగా వదల్లేదు, "సగం పట్టుకుంటా" అని వాట్సాప్‌లో రాశారు. అదైనా నయమే.

అమ్మ చీరలు రెండూ కర్టెన్లయ్యాయి, ఒకటి హాలు కిటికీకి, ఒకటి వంటింటి అరలకి. స్టవ్ పక్క అర వదిలేశాం. సంతలో టీపాయి దొరికింది, ఆయనే బేరమాడారు, దండగ అన్నాయనే వార్నిష్ కూడా వేశారు. స్టాండ్ ల్యాంపు ఆన్‌లైన్లో, మర బల్బుతో. సాయంత్రం ట్యూబ్‌లైట్ ఆపి అది వేస్తే పక్కింటి ఆంటీ వచ్చి "కరెంటు లో వోల్టేజీనా అమ్మా" అని అడిగారు 😂

అద్దం, దర్రీ, కలంకారీ గుడ్డ, రంగు డబ్బా అన్నీ కలిపి పదకొండువేల చిల్లర అయింది. బొమ్మలు వచ్చే నెల జీతానికి.

ఓనరమ్మ

సగమా! గట్టివాడే మీ ఓనరు. అయినా సంతోషం. ఆ వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో తల్లీ, ఫోన్లు మారుస్తుంటారు.

కూకట్‌పల్లి_బ్రో

కంగ్రాట్స్ అండి. దర్రీ సైజు ఎంత తీసుకున్నారు? మా హాలు పదీ పన్నెండు, మూడు సీట్ల సోఫా. ఊరికే అడుగుతున్నా.

కొత్తకాపురం

మాదీ అంతే హాలు. 4×6 అడుగులది తీసుకున్నాం. 3×5 కూడా చూశాం గానీ సోఫా ముందు డోర్‌మ్యాట్‌లా కనబడింది. సోఫా ముందు కాళ్లు దర్రీ అంచు మీదికి వచ్చేలా వేస్తే కదలదు, మధ్యలో టీపాయి పడుతుంది. కొనేముందు పాత న్యూస్‌పేపర్లు అంత కొలతకి నేల మీద పరిచి చూసుకోండి.